మిలానులో మంచు జోస్యం

మన దేశంలో జోస్యం చెప్పేవారికి పంచాంగం ఉంటుంది. లేకపోతే గవ్వలుంటాయి. అవీ లేకపోతే పంజరంలో చిలకైనా ఉంటుంది. 2026 ఫిబ్రవరి మొదటి వారంలో ఇటలీ దేశపు మిలాను నగరంలో నేను చూసిన జోస్యులకు ఇవేవీ లేవు. వారి సరంజామా అంతా ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు, నాలుగు గడులు. ఆ నాలుగు గడుల్లోనే దేశదేశాల జాతకాలు చూసి, ఎవరికి బంగారం, ఎవరికి వెండి, ఎవరికి కంచు అని తేల్చి పారేస్తున్నారు.

సంగతేమిటంటే, శీతకాలపు ఒలింపిక్సు ఆ నెలలో మిలానులోనూ, ఉత్తరాన కొండల్లో ఉన్న కోర్తినాలోనూ జరిగాయి. గాజుపలక లాంటి మంచుగడ్డ మీద, బూట్లకు ఉక్కు బద్దీలు కట్టుకుని, పాట ననుసరించి జారుతూ, ఎగురుతూ, గిరగిర తిరుగుతూ చేసే ఫిగర్ స్కేటింగు ఆ క్రీడల్లో ముఖ్యమైనది. వ్యక్తులకూ జంటలకూ పతకాలివ్వడం పాత ఆచారమే. దేశాలు జట్లుగా తలపడడం మాత్రం 2014లో రష్యాలోని సోచీతో మొదలైంది. మిలానులో జరిగింది నాలుగోది.

మా మేనల్లుడు ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో కాపురముంటున్నాడు. "మామయ్యా, మళ్ళీ మళ్ళీ వచ్చే అవకాశం కాదు, రండి" అని పిలిస్తే, ఉన్ని కోటూ, చెవులకు మఫ్లరూ సర్దుకుని బయలుదేరాను. మనకు ఐసు అంటే సోడాలో వేసుకునే ముక్క. దాని మీద మనుషులు నాట్యం చేస్తారంటే చూడకుండా ఎలా ఉండడం?

నేను దిగిన నాటి రాత్రే వంటింట్లో అలమారు తలుపుకు అంటించిన కాగితం కంటబడింది. ఎడమ పక్కన దేశాల పేర్లు, పైన నాలుగు గడులు: పురుషులు, స్త్రీలు, జంటలు, ఐస్ డాన్సు. మేనల్లుడు లెక్కల మనిషి. ఆ ఏడు ఎవరెవరికి ఎన్ని మార్కులు వచ్చాయో కంప్యూటరులో తీసి గడులు నింపాడు. అమెరికా మొదటిది, జపాను రెండోది, కెనడా మూడోది అని కింద గీత గీశాడు. మా కోడలు ఒప్పుకోలేదు. "జపాను సకమోతోకి ఇదే ఆఖరి ఏడుట. ఆ పిల్ల కోసమైనా జపానే గెలవాలి" అన్నది. పదేళ్ళ మనమరాలు జార్జియాకి మూడో స్థానం ఇచ్చింది. కారణమడిగితే, "ఆ జెండా బాగుంటుంది తాతయ్యా" అన్నది.

నాలుగో జోస్యం కింది వాటాలో ఉండే ఇంటావిడది. డెబ్బయి ఏళ్ళ పెద్దావిడ. వాళ్ళ భాషలో గౌరవంగా "సిన్యోరా" అని పిలుస్తారు. ఆవిడ పెన్సిలు తీసుకుని అమెరికా, జపాను, ఇటలీ అని వరుసగా రాసింది. మేనల్లుడు నవ్వి, "సొంత దేశమని మూడో స్థానం ఇచ్చారా?" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, "మాలో మొదటివాళ్ళు ఎవరూ లేరు. కాని నాలుగు గడుల్లోనూ మనుషులున్నారు" అన్నది. ఆ మాటను అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఓడినవాళ్ళంతా కలిసి గెలిచినవారికి కోరిన వంట చేసి పెట్టాలని పందెం. నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టి, కాగితం నా చేతికిచ్చారు.

ఇక పాఠకులకు లెక్క చెప్పాలి. అది తెలియకపోతే జోస్యంలో రుచి తెలియదు.

పది దేశాలు బరిలోకి దిగుతాయి. నాలుగు విభాగాల్లోనూ మొదట చిన్న ప్రదర్శన. మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండోదానికి 9, అలా దిగుతూ పదో స్థానానికి 1. మొత్తాలు కూడి, పైనున్న అయిదు దేశాలనే ఉంచుతారు. ఆ అయిదూ నాలుగు విభాగాల్లోనూ పెద్ద ప్రదర్శన ఇస్తాయి. ఈసారి మొదటి స్థానానికి 10, ఆఖరుదానికి 6. ఎనిమిది ప్రదర్శనల పాయింట్లూ కలిపితే జట్టు ఫలితం. మధ్యలో రెండు విభాగాల దాకా మనుషుల్ని మార్చుకోవచ్చు. ఎవరిని దింపుతారో, ఎవరికి విశ్రాంతినిస్తారో ఊహించడం జోస్యులకు పెద్ద పరీక్ష.

ఇందులో ఒక కిటుకున్నది. న్యాయనిర్ణేతలు ఇచ్చే మార్కులు స్థానాన్ని నిర్ణయించడం వరకే పనికొస్తాయి. పక్కవాడి మీద అర మార్కుతో గెలిచినా, పది మార్కులతో గెలిచినా జట్టుకు వచ్చే లాభం ఒక్క పాయింటే. మహా వీరుడొకడున్నంత మాత్రాన వాడు పదికి మించి తేలేడు. ఒక విభాగంలో మనిషే లేకపోతే ఆ గడిలో సున్నా. ఈసారి కొరియా జట్టుకు జంటల విభాగంలో ఎవరూ లేరు. ఆ సున్నాను మిగతావాళ్ళు ఎంత బాగా ఆడినా పూడ్చలేకపోయారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం. ఒలింపిక్సు ప్రారంభోత్సవం ఆ రాత్రి సాన్ సీరో మైదానంలో. స్కేటింగు మాత్రం ఆగలేదు, ఉదయమే మొదలుపెట్టారు. మేము ఇంట్లో టెలివిజను ముందు చేరాము. ఐస్ డాన్సులో అమెరికా దంపతులు చాక్, బేట్స్ మొదటి స్థానం సంపాదించారు. జపాను డాన్సు జంటకు ఎనిమిదో స్థానం, అంటే 3 పాయింట్లే. జంటల్లో జపానుకు చెందిన మియురా, కిహారా మొదటివారు. స్త్రీలలో సకమోతో మొదటిది, అమెరికా లియు రెండోది. సాయంత్రానికి నా కాగితం మీద అమెరికా 25, జపాను 23.

శనివారం పగలు పోటీ లేదు. ఊరు చూడ్డానికి బయలుదేరాము. మిలాను ట్రాముల్లో 1928 నాటి నమూనావి ఇంకా తిరుగుతున్నాయి. లోపల కర్ర బెంచీలు, పసుపు దీపాలు. గంట కొట్టుకుంటూ అది సందులో మలుపు తిరుగుతుంటే పాత సినిమాలో కూర్చున్నట్టుంటుంది. ట్రాము దిగి నడిస్తే ఊరి నడిబొడ్డున దువోమో అనే మహా దేవాలయం. 1386లో పని మొదలుపెట్టి, వందల ఏళ్ళు కట్టారు. శిల్పాలు మూడువేల పైచిలుకు. మెట్లెక్కి కప్పు మీదికి వెళ్ళాము. కింద చౌకులో నిలబడ్డవారికి ఎన్నటికీ కనిపించని మూలల్లో కూడా, గోపురాల వెనకపక్క కూడా, పూలూ, ఆకులూ, మనుషుల ముఖాలూ ఎంతో శ్రద్ధగా చెక్కి ఉన్నవి. "ఇక్కడెవరు చూస్తారని చెక్కారు తాతయ్యా?" అని అడిగింది మనమరాలు. నాకు తోచిన జవాబేదో చెప్పాను. ఆ ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆ ఊరి వంటకం రిసొత్తో తిన్నాము. కుంకుమపువ్వు వేసి వండిన జారుడు అన్నం. రంగు చూసి పులిహోర అనుకుని నోట్లో పెట్టుకున్నాను. పులుపూ లేదు, కారమూ లేదు, వెన్నా జున్నూ ఉన్నాయి. చలిలో అదే అమృతం.

రాత్రి పురుషుల చిన్న ప్రదర్శన. అమెరికా కుర్రవాడు ఇలియా మాలినిన్ గాలిలో నాలుగు చుట్లు తిరిగి దిగే గంతుల్లో దిట్ట. మేనల్లుడి కాగితంలో అతని పేరుకు ఎదురే లేదు. కాని జపాను కగియామాకు 108.67 మార్కులు వచ్చాయి. మాలినిన్‌కు 98.00. మేనల్లుడి ముఖం వాడింది. మా కోడలు చప్పట్లు చరిచింది. "పది మార్కుల పైగా తేడా!" అన్నది. నేను మధ్యవర్తిని గనుక కాగితం చూపించాను. ఆ పది మార్కులకూ జపానుకు దక్కిన లాభం ఒకే ఒక్క పాయింటు. నాలుగు విభాగాలూ ముగిసేసరికి అమెరికా 34, జపాను 33. ఆ రాత్రే పెద్ద ప్రదర్శనలో చాక్, బేట్స్ మళ్ళీ 10 తెచ్చారు. జపాను డాన్సు జంటది అయిదో స్థానం. అమెరికా 44, జపాను 39.

ఆదివారం రాత్రికి మాకు టిక్కెట్లున్నాయి. పోటీ జరిగేది నగరానికి దక్షిణాన అస్సాగో అనే చోట. మెట్రో రైలులో ఆకుపచ్చ లైను పట్టుకోవాలి. ఫామగోస్తా స్టేషను దాటాక ఆ లైను రెండుగా చీలుతుంది. బండి ముందు రాసిన పేరు చూసి ఎక్కకపోతే ప్రయాణీకుడు అబ్బియాతెగ్రాస్సోలో తేలతాడు. మా పెట్టెలో ఒక పక్క జపాను జెండాలు, ఒక పక్క అమెరికా టోపీలు, నడుమ బుగ్గలకు మూడు రంగులు పూసుకున్న ఇటలీ పిల్లలు. మా ఎదుట కూర్చున్న జపాను పెద్దమనిషి మోకాలి మీద చిన్న పుస్తకం పెట్టుకుని అంకెలు వేస్తున్నాడు. తొంగి చూస్తే, అవే నాలుగు గడులు!

పదివేలకు పైగా జనం పట్టే ఆ హాలు నడుమ తెల్లని మంచు పలక. ఆ మంచు మీదే వేరే సమయాల్లో స్పీడు స్కేటింగు పందేలు కూడా పెట్టారు. ఒక అంచున దేశానికొక పెట్టె కట్టి, జట్లవాళ్ళను కూర్చోబెట్టారు. తమవాడు మంచు మీదికి దిగితే అరుపులు, జెండాలు. విడివిడి పోటీల్లో ఎవరి గోల వారిది. ఇక్కడ మాత్రం పెళ్ళివారి విడిదిలా ఉన్నది. ప్రదర్శన ముగించినవారు మార్కుల కోసం వేచి ఉండే బల్లకు కిస్ అండ్ క్రై అని పేరు. ఈ పోటీలో ఆ బల్ల దగ్గరకు జట్టంతా వచ్చి చుట్టూ మూగుతుంది.

మొదట జంటలు. మియురా, కిహారా మంచు మీద ఇద్దరుగా కాక ఒక్కరుగా కదిలారు. మొదటి స్థానం వారిదే. అమెరికా తరఫున ఎల్లీ కామ్, డానీ ఓషే దిగారు. పిల్లకు ఇరవై ఒకటి, అతనికి ముప్పయి నాలుగు. ఆ ఆటలో అది పెద్ద వయసే. మేనల్లుడి కాగితంలో వారికి అయిదో స్థానం రాసి ఉన్నది. హాలులో కూడా వారిమీద ఎవరికీ పెద్ద ఆశలున్నట్టు కనపడలేదు. కాని వారు నిబ్బరంగా ఆడి, అయిదింట నాలుగో స్థానం తెచ్చుకున్నారు. 6 రావలసిన చోట 7 వచ్చింది. ఒక్క పాయింటు. అప్పుడు దాని విలువ ఎవరికి తెలుసు?

తరువాత స్త్రీలు. సకమోతో మళ్ళీ మొదటిది. అమెరికా లియు స్థానంలో గ్లెన్‌ను దింపింది. ఆమెకు మూడో స్థానం. నేను రెండుసార్లు కూడి చూసుకున్నాను. అమెరికా 59, జపాను 59. ఎనిమిదింట ఏడు ప్రదర్శనలు ముగిసి, ఆఖరు దాని దగ్గర రెండు దేశాలూ సమానం!

ఇక పురుషులు. ఇటలీ రిజ్జోకు మూడో స్థానం ఖాయం కావడంతో హాలు మొత్తం లేచి నిలబడింది. ఇటలీకి కంచు! 2014లోనూ, 2018లోనూ నాలుగో స్థానంతో తిరిగివెళ్ళిన దేశం అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్ళు రచ్చలో రెండుసార్లు తప్పిపోయినదాన్ని ఇంట్లో సంపాదించారు. తరువాత మాలినిన్. అక్కడక్కడ తడబడినా 200.03 మార్కులు. ఆఖరున జపాను తరఫున కగియామాకు బదులు సాతో. కుర్రవాడు ఒక్క తప్పూ కనపడనీయకుండా చక్కగా ఆడాడు. అతడు బల్ల మీద కూర్చున్నాక హాలులో సూది పడితే వినిపించేది. అంకె వెలిగింది: 194.86. అమెరికా 69, జపాను 68, ఇటలీ 60.

తిరుగు ప్రయాణంలో రైలులో నా కాగితం మళ్ళీ విప్పాను. అప్పుడు తెలిసింది చిత్రం. ఎనిమిది ప్రదర్శనల్లో జపాను అయిదింట మొదటిది. అమెరికా మూడింటే. ఆటల్లో ఎక్కువ గెలిచినవారు పోటీలో ఓడారు! జపానుకు ఆ అయిదు మొదటి స్థానాలవల్ల 50 వచ్చాయి. ఆఖరి పురుషుల ప్రదర్శనలో 9. ఐస్ డాన్సులో మాత్రం రెండుసార్లకూ కలిపి 9. అమెరికాకు మొదటి స్థానాల వల్ల వచ్చినవి 30. మిగిలిన 39 రెండు, మూడు, నాలుగు, అయిదు స్థానాలవారు తలా కాస్తా తెచ్చిపెట్టినవి. కామ్, ఓషే అనుకున్నట్టే అయిదో స్థానంలో నిలిచి ఉంటే రెండు దేశాలూ 68 దగ్గర సమంగా ఉండేవి. పత్రికల్లో పెద్ద బొమ్మలు మాలినిన్‌వి. బంగారంలో ఒక పాలు మాత్రం నాలుగో స్థానం వచ్చిన జంటది.

జపానును తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఆ మాటకొస్తే, నాలుగు గడుల కథలో అసలు నాయకుడు కిహారాయే అని నా అభిప్రాయం. 2014లో సోచీలో మొట్టమొదటి జట్టు పోటీ జరిగినప్పుడు జపానుకు హన్యూ ఉన్నాడు. చిన్న ప్రదర్శనలో మొదటి స్థానం, 10 పాయింట్లు తెచ్చాడు. అయినా దేశానికి దక్కింది అయిదో స్థానం. జంటల గడి బలహీనం. ఆ గడిలో నిలబడ్డవాడు ఈ కిహారాయే. ఒంటరి ఆట వదిలి జంట ఆటకు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. 2018లో మరొక జోడీతో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అయిదో స్థానమే. 2019లో మియురాతో జతకట్టాడు. అక్కడి నుంచి జపాను జాతకం తిరిగింది. పన్నెండేళ్ళ కిందట దేశాన్ని కిందికి లాగిన గడే మిలానులో రెండుసార్లూ 10 తెచ్చింది. జపానుకు ఇప్పుడు మిగిలిన బలహీనపు గడి ఐస్ డాన్సు. దాన్ని పట్టుకుని కూర్చునే మనిషి ఎవరో ఒకరు ఇప్పటికే ఏ మూలనో సాధన చేస్తూ ఉండవచ్చు.

లెక్క ఫలించినా ఫలితం నిలవని సందర్భం కూడా ఉన్నది. 2022లో బీజింగులో రష్యా స్కేటర్లు 74 పాయింట్లతో మొదటివారయ్యారు. జోస్యులందరూ చెప్పినదీ అదే. కాని వారిలో పదిహేనేళ్ళ వాలియేవా అనే పిల్ల నమూనాలో నిషిద్ధమైన మందు దొరికిందని తేలి, పతకాల ప్రదానమే ఆగిపోయింది. రెండేళ్ళు విచారణలు జరిగి, 2024 జనవరిలో తీర్పు వచ్చింది. ఆమె పాయింట్లు తీసివేశారు. అమెరికాకు బంగారం, జపానుకు వెండి. ఆ పతకాలు మెడలో పడింది 2024 ఆగస్టులో, పారిసులో, మండు వేసవి ఒలింపిక్సు నడుమ. మంచు మీద గెలిచినవారు ఎండలో పతకం అందుకున్నారు. ఆ జట్టులోనూ కిహారా ఉన్నాడు.

ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. కింది వాటాలో దీపం వెలుగుతూనే ఉన్నది. సిన్యోరా తలుపు తీసి, మాటాడకుండా మూడు వేళ్ళు చూపించింది. ఆవిడ జోస్యం అక్షరాలా నిజమైంది. ఎనిమిది ప్రదర్శనల్లో ఇటలీకి మొదటి స్థానం ఒక్కటీ రాలేదు. అయినా ఏ గడీ ఖాళీగా లేదు, ఏ గడీ బరువు కాలేదు. మర్నాడు పందెం ప్రకారం ఏం వండమంటారని మా కోడలు అడిగింది. అంతకుముందు ఒకసారి రుచి చూసినదట, "ఆ ఆకుపచ్చ దోసె" అన్నది. పెసరట్టు! పెసలు ఎక్కడ దొరుకుతాయోనని మేనల్లుడు ఊరంతా తిరిగాడు. పిండి రుబ్బింది వాడే. అల్లం పచ్చడి కోడలు చేసింది. మనమరాలు వడ్డించింది. ఓడినవాళ్ళు ముగ్గురూ చక్కని జట్టుగా పనిచేశారని మధ్యవర్తిగా నేను తీర్పు చెప్పాను.

నేను తిరిగి వచ్చాక మిగతా ఫలితాలు తెలిశాయి. వ్యక్తుల పోటీలో అందరూ బంగారం కట్టబెట్టిన మాలినిన్ ఎనిమిదో స్థానంలోకి జారాడు. జంటల్లో చిన్న ప్రదర్శన తరువాత అయిదో స్థానంలో ఉన్న మియురా, కిహారా పెద్ద ప్రదర్శనలో అందరినీ దాటి బంగారం గెలిచారు. ఒలింపిక్సు జంటల్లో జపానుకు అదే మొదటి పతకం. మనిషి జాతకం ఏ కాగితానికీ లొంగదు. జట్టు జాతకం మాత్రం కొంతవరకు లొంగుతుంది. ఎందుకంటే అది ఒకనాటి అదృష్టం కాదు, ఎవరూ చూడని గడిని కూడా ఒక దేశం ఎన్నేళ్ళు శ్రద్ధగా చూసుకున్నదీ అన్న లెక్క.

ఈ క్రీడలు మళ్ళీ 2030లో ఫ్రాన్సులోని ఆల్ప్సు కొండల ప్రాంతంలో జరుగుతాయి. మన పిల్లలు టెలివిజను ముందు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోవాలనుకుంటే నాదొక సలహా. పేరున్నవాళ్ళ గడులు ఎవరైనా నింపగలరు. ముందు ఆఖరి గడిలో ఎవరున్నారో కనుక్కొని, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.